దయాకుమారి కొట్టి చూసిన పొగపొయ్యి

"అది పేలితే మన గతేంటి?" అంది దయాకుమారి, ఇంకా గడప దాటకముందే.

పేలడానికి అప్పటికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. కొడుకు నవీన్ కుమార్ చేతిలో ఒక బొమ్మ మాత్రం ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన ఇనప పీపా, దాని పక్కన కాస్త కిందుగా చిన్న నిప్పుపెట్టె, రెండో చివర పొగగొట్టం. చూడ్డానికి పాతకాలపు రైలింజనులా ఉంది.

"పేలడానికి అందులో గ్యాసెక్కడిదమ్మా? కట్టెలే. నిప్పు పక్కనున్న పెట్టెలో, మాంసం పీపాలో. పొగా వేడీ మాత్రం ఇటు నుంచి అటు పోతాయి. పొద్దున పెడితే సాయంత్రానికి వెన్నలా ఉడుకుతుంది. ఆఫ్‌సెట్ స్మోకర్ అంటారు దీన్ని."

"పొగ చూసి పక్కింటి అరబ్బావిడ పోలీసుల్ని పిలిస్తే?"

"వాళ్లకీ ఓ ప్లేటు పెడదాం," అన్నాడు ఆవిడ భర్త జకరయ్య, చెప్పులు వేసుకుంటూ. ఫుజైరా పోర్టులో ఓడలకు ఆయిలు పట్టే పని ఆయనది. "నేను రోజూ ఆయిలు మధ్య తిరుగుతున్నాను. దానికి లేని భయం నాలుగు కట్టెలకెందుకే నీకు?"

"దానికీ ఉంది. మీకు చెప్పట్లేదంతే."

నిజానికి ఆవిడ అసలు భయం నిప్పు గురించి కాదు. నవీన్‌కి దుబాయ్‌లో, అల్ ఖూజ్ గోడౌన్‌లో ఉద్యోగమొచ్చి కంపెనీ గదికి మారాక, మొదట్లో ప్రతి శుక్రవారం ఇంటికొచ్చేవాడు. తర్వాత వారం విడిచి వారం. ఇప్పుడు నెలకోసారి. అడిగితే, "ఇక్కడేముందమ్మా, కొండలూ సముద్రమూ తప్ప? అక్కడైతే కుర్రాళ్లుంటారు," అన్నాడు. కిందటిసారి వచ్చినప్పుడు మాత్రం, "మన పెరట్లో ఓ స్మోకర్ పెట్టుకుంటే ప్రతి శుక్రవారం నేనిక్కడే," అన్నాడు. వాడా మాట నవ్వుతూ అన్నాడు. ఆవిడ నవ్వకుండా విన్నది. నిప్పు రావడం ఒక భయం, కొడుకు రాకపోవడం ఇంకో భయం. రెండోదే పెద్దదని తేల్చుకుని, ఆ పొయ్యి కొనడానికి కారెక్కింది.

దారిలో మసాఫీ కొండల మధ్య లారీ ఎదురైనప్పుడల్లా "ప్రభువా" అంటూనే అల్ ఖూజ్ చేరింది.

గోడౌన్‌లో ఈ పొయ్యిల అమ్మకాలు చూసే జిలానీ బాషా కడప మనిషి, నవీన్‌కి స్నేహితుడు. తెలుగు వినపడగానే చేతిలో టీ పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చాడు.

"రాండమ్మా, రాండి. ఇదిగో, ఈ ఎర్రదాన్ని చూడండి. చక్రాలుండాయి, మూతకి వేడి చూపించే ముల్లుండాది. అందరూ దీన్నే తీసుకుంటాండారు."

ఎర్రది పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. జకరయ్య అప్పుడే దాని చుట్టూ తిరుగుతున్నాడు. దయాకుమారి మాత్రం దగ్గరికెళ్లి, వేలి కణుపుతో దాని పొట్టమీద కొట్టింది. డబడబమని మోగింది.

"ఏంటమ్మా అది, సంతలో కుండ కొన్నట్టు?" నవీన్ సిగ్గుపడ్డాడు.

"కుండే కదరా ఇదీ. నిప్పుమీదకెక్కేదేదైనా కుండే." పక్కన మూలలో, దుమ్ము పట్టి, నల్లగా, మొద్దులా ఇంకొకటి ఉంది. దాన్నీ కొట్టింది. ఖంగుమంది. ఆ మోత ఆగాక కూడా ఇనుము లోపల ఏదో కాసేపు గుంయ్‌మంటూనే ఉంది. దయాకుమారి గుండెలో ఏదో కదిలింది. అదేమిటో ఆవిడకే తెలియలేదు గానీ, భయమైతే కాదు.

"నీ ఫోన్లో టార్చి వేసి ఇలా ఇవ్వు," అంది కొడుకుతో.

వెలిగించిన ఫోనును ఎర్రదాని పొట్టలో పెట్టి మూత వేయించింది. "లైట్లార్పు బాబూ," అంది బాషాతో. ఆ మూల చీకటైంది. ఎర్రదాని మూత చుట్టూ, నిప్పుపెట్టె అతుకు దగ్గరా, సన్నటి వెలుగు గీతలు బయటపడ్డాయి.

"చూశారా? వెలుగొచ్చిన చోట నుంచి పొగ రాదా? వేడి పోదా? ఇది మాంసాన్ని ఉడికించదు, మనల్ని ఉడికిస్తుంది."

నల్లదాన్లో పెడితే చీకటి చీకటిగానే ఉంది. మూత చివర ఒక్కచోట మిణుగురంత చుక్క. జకరయ్య వంగి వంగి చూసి, "ఒసే దయా, ఇది మా ట్యాంకరు కన్నా గట్టిగా ఉందే!" అన్నాడు.

"అతుకు మొత్తం ఒకే వెల్డింగమ్మా. రేకు కాదు, పలక," అన్నాడు బాషా, ఈసారి గొంతు తగ్గించి. "బరువని ఎవురూ ముట్టుకోల్యా."

"బరువైతేనే మంచిది. గాలొస్తే పడదు."

నవీన్ నల్లదాని మూత ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చిన్నప్పుడు కొత్త సైకిలు బెల్లు కొట్టినట్టే. వాడి మొహం చూసి, "యల్లా, ఎక్కించండి," అంది దయాకుమారి. అన్నాక తన నోటి వెంట ఆ అరబ్బు మాట ఎలా వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది.

కంపెనీ పికప్‌లో పొయ్యి ఫుజైరా చేరింది. వచ్చే శుక్రవారం వెలిగించాలని, బాషానీ తీసుకొస్తానని నవీన్ ఫోన్ చేశాడు. వారమంతా ఆవిడ కాలు ఒక చోట నిలవలేదు. మేకతొడకి నిమ్మరసం, అల్లం వెల్లుల్లి, కారం ముందురోజే పట్టించింది. మసాఫీ నుంచి జకరయ్య తెచ్చిన సమర్ కట్టెలు చూసి, "ఇది మన తుమ్మే కదండీ!" అని చుట్టాన్ని చూసినట్టు సంబరపడింది. రెండు బకెట్ల నీళ్లు, ఒక తొట్టి ఇసుక సిద్ధం చేసింది.

"బీచిని ఇంటికే తెచ్చేశావే," అన్నాడు జకరయ్య.

ఇంకొక్క పని మిగిలింది. కొత్త గిన్నెని కడక్కుండా ఎవరు వండుతారు? చింతపండూ ఉప్పూ వేసి, కొబ్బరిపీచుతో పొయ్యి లోపలంతా, మాంసం పెట్టే జాలీలతో సహా, భుజాలు పడిపోయేదాకా తోమింది. నీళ్లు కుమ్మరించి కడిగి, సముద్రపు గాలికి మూత తెరిచి ఆరబెట్టింది.

శుక్రవారం పొద్దున్నే నవీన్, బాషా దిగారు. నవీన్ పరుగున పెరట్లోకెళ్లి ఆగిపోయాడు. పొయ్యి కడుపంతా ఎర్రటి తుప్పు.

"అమ్మా! ఏం చేశావు దీన్ని?"

"క... కడిగాన్రా."

వాడు జాలీ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. దయాకుమారి తల దించుకుంది. అయిపోయింది. ఇంక వీడు రాడు.

"తుప్పు పైపైనే నవీనూ," అన్నాడు బాషా. "అమ్మా, దీన్ని కడగకూడదు. నూనె పట్టించి కాల్చాల."

దయాకుమారి తలెత్తింది. "అంటే... దోసె పెనంలాగా?"

"అచ్చం అట్లనే."

"ఆ ముక్క మొన్నే చెప్పొచ్చుగా నాయనా! కుండన్నాను, పెనమని ఎవరూ అనలేదే!"

అంతే, చెంగు బిగించింది. ఉల్లిపాయ సగానికి కోసి ఫోర్కుకి గుచ్చింది. ఒకరు ఉప్పుతో తుప్పు రుద్దుతుంటే, ఒకరు తుడుస్తుంటే, తను ఆ ఉల్లిపాయతో నూనె పట్టించింది. నవీన్ నిప్పు రాజేశాడు. పేలలేదు. పొగ తెల్లగా మొదలై నీలంగా సన్నబడింది. ఇనుము నల్లగా, కొత్త పెనంలా నిగనిగలాడింది. దయాకుమారి చప్పట్లు కొట్టేసి, బకెట్టు తన్ని పారబోసింది.

"ఫైరింజను ఖలాస్!" అన్నాడు జకరయ్య.

మేకతొడని లోపల పెట్టి, పొద్దు వాలే వేళకి మూత తీశారు. ముక్క కోస్తే చర్మం కింద గులాబీ రంగు.

"పచ్చిగా ఉంది! ఎవరూ తినకండి!"

"అది పొగకి వచ్చిన రంగేనమ్మా. ఎముక లాగి చూడండి," అన్నాడు బాషా.

రెండు వేళ్లతో లాగింది. ఎముక ఒరలోంచి వచ్చినట్టు జారి వచ్చేసింది. తర్వాత అందరూ తినడంలో పడ్డారు. గోడ పక్క నుంచి అరబ్బావిడ తొంగిచూస్తే ఆవిడకీ ఒక ప్లేటు వెళ్లింది. పోలీసులు రాలేదు. ఖాళీ ప్లేటు ఖర్జూరాలతో తిరిగొచ్చింది.

బాషా పికప్ స్టార్ట్ చేశాడు. నవీన్ చేతులు కడుక్కుంటున్నాడు. వారమంతా గొంతులో పెట్టుకున్న మాట దయాకుమారి అప్పుడు అడిగింది.

"వచ్చే శుక్రవారం వస్తావా?"

వాడు పొయ్యి దగ్గరికెళ్లాడు. నిప్పుపెట్టె తెరిచి బూడిద కదిపాడు. పొగగొట్టం మూత తిప్పాడు. పొద్దుటి తుప్పు గుర్తొచ్చిందేమో, దుబాయ్‌లో కుర్రాళ్లతో ఏదో అనుకున్నాడేమో, దారిలో లారీలు... ఆవిడ తలలో ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. బాషా హారన్ కొట్టాడు. ఆగి, మళ్లీ కొట్టాడు. జకరయ్య కూడా ఈసారి జోకు వేయలేదు.

నవీన్ వేడిగా ఉన్న మూతమీద గుడ్డతో కాస్త నూనె రాశాడు. వేలి కణుపుతో ఒకసారి కొట్టి, ఖంగుమన్న మోత ఆగేదాకా విన్నాడు.

"గురువారం సాయంత్రానికే వచ్చేస్తానమ్మా," అన్నాడు. "నేనొచ్చేదాకా మాత్రం దీన్ని కడక్కు."