వడ్డించే చెయ్యి

"పప్పు... పప్పు..." అంటూ వీరరాఘవులు రెండో బల్ల దగ్గరికి వచ్చేసరికి హాలంతా నిండిపోయింది. అశోకా రోడ్డులోని ఆ చిన్న ఆంధ్రా భోజనశాలలో ఆదివారం నిలబడటానికి కూడా చోటుండదు. ఎవరు లేస్తారా అని కుర్చీల వెనక కాచుకున్నవాళ్లను మోచేత్తో మెల్లగా జరుపుకుంటూ, ఎడమచేత బకెట్టు, కుడిచేత గరిటెతో ఆయన సాగిపోతున్నాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, పల్చటి ఒళ్లు, దొడ్డికాళ్ల నడక. ఎవరికి ఇంకాస్త కావాలో మొహం చూసే పసిగడతాడు.

ప్రభుత్వాఫీసులో బంట్రోతుగా రిటైరయ్యాక మొదటి ఏడాదంతా ఘాజియాబాద్‌లో ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడంతే. పొద్దున్నే గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్లేచోటు లేక మంచం అంచున కూర్చునేవాడు. అన్నం సహించేది కాదు, కంటిమీద కునుకుండేది కాదు. రోగమేమీ లేదన్నాడు డాక్టరు. చివరికి భార్య నాగేంద్రమ్మే తన ఊరివాడు త్యాగరాజుని అడిగి, అతని భోజనశాలలో ఈ పని ఇప్పించింది. నెల తిరక్కుండా మనిషి తేరుకున్నాడు. ఇంటికొస్తే ఒళ్లంతా ఇంగువ వాసనేనని ఆవిడ విసుక్కునేది గానీ, ఆ విసుగులో సంతోషమే ఎక్కువ.

అందుకే ఈమధ్య చెయ్యి వణుకుతున్న మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. గరిటె సగమే నింపి, రెండుసార్లు వేస్తున్నాడు.

"అంకుల్, సాంబారు!"

వర్షిణి. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. ఆదివారం వచ్చిందంటే ఇక్కడే భోజనం.

"పరీక్షలెప్పుడమ్మా?"

"వచ్చేవారమే అంకుల్. దీవించండి!"

ఆయన నవ్వుతూ గరిటె వంచాడు. చెయ్యి ఒక్కసారిగా అదిరింది. పొగలు కక్కుతున్న సాంబారు కంచం దాటి, బల్ల మీద ఆనించిన ఆమె చేతి మీద పడింది. ఆ పిల్ల కెవ్వుమంది. ఎవరో చల్లటి నీళ్లు తెచ్చి పోశారు. వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి.

"పర్లేదు అంకుల్, ఎడమచెయ్యేగా. కుడిదైతే పరీక్ష గోవిందా!" అంది, కళ్లనిండా నీళ్లతోనే నవ్వుతూ.

ఆయన గరిటె బకెట్టులో వదిలేశాడు. ఆ పూట మళ్లీ గరిటె ముట్టలేదు, మంచినీళ్లు మాత్రం పోశాడు. జనం పల్చబడ్డాక గల్లా దగ్గరికి వెళ్లాడు.

"రేపట్నుంచి రానయ్యా, త్యాగరాజూ."

"భలేవాడివే బావా! చెయ్యి తొట్రుపడటం ఎవరికుండదు? కూపన్లు చింపే దగ్గర కూర్చో, చాలు."

"కూర్చోవడానికి ఇల్లుందిగా." కళ్లద్దాలు పైకి తోసుకుంటూ, "ఆ పిల్ల కుడిచెయ్యి కాలి ఉంటే నాకిక నిద్రపట్టేదా, చెప్పు?" అన్నాడు.

త్యాగరాజు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

వీరరాఘవులు సందు మొదట్లో ఉన్న ఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడే బయల్దేరుతున్నా."

"ఇంత పెందరాళేనా? ఒంట్లో బాలేదా?" నాగేంద్రమ్మ గొంతులో పాత భయం.

"బాగానే ఉంది. పని మానేశాను."

"తిన్నారా?"

"లేదు. ఇవాళ నువ్వు వడ్డించు, నేను కూర్చుంటాను."

"రండి. ఇవాళ్టికి కూర్చోండి. రేపట్నుంచి మాత్రం కూర్చోనిచ్చేది లేదు. కూరగాయలకి సబ్జీమండీకి నాతో రావాల్సిందే."

ఆయన ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాడు. చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని స్టేషన్ వైపు నడిచాడు.

తిలక్ బ్రిడ్జి స్టేషన్లో లోకల్ రైలెక్కి, యమున దాటుతుండగా గుర్తొచ్చింది, రోజూ భుజం మీద వేసుకునే తువ్వాలు అక్కడే మర్చిపోయానని. వంటింటి వెనక తీగ మీద, ఎంత ఉతికినా పసుపు మరకలు వదలని ఆ తువ్వాలు, ఈపాటికి సాయంకాలపు ఎండలో ఆరిపోయి ఉంటుంది.