రాజుగారికి వన్స్‌మోర్

మక్కాలో వేధింపులు తాళలేక తొలి ముస్లింలు కొందరు అబిసీనియా వెళ్లి, అక్కడి క్రైస్తవ రాజును శరణు వేడారు. ఆ కథనే అమెరికాలో మా అరోరా ఊరి మసీదు పిల్లలతో స్కూల్ హాల్లో నాటకం వేయించాను. రాజు వేషానికి, పక్కింట్లో కూతురి దగ్గరికొచ్చిన వీరభద్రంగారిని పట్టుకున్నాను. తెనాలిలో పద్యనాటకాలాడిన మనిషి. "రాగాలు తీయకండి బాబాయ్‌గారూ" అని మరీ మరీ చెప్పాను. వింటేగా!

మక్కా దూత వేషంలో మా అనీసా వచ్చి, శరణార్థులను అప్పగించమంది.

"ఇవ్వనూ..." అంటూ ఆయన రాగం అందుకున్నారు. తెలుగువాళ్లంతా "వన్స్‌మోర్!" అని ఈలలేశారు. నేను తల పట్టుకున్నాను.

వెళ్లిపోతున్న అనీసా ఆగింది. "అంకుల్, మళ్లీ అడగాలా?"

"అడుగు తల్లీ! ఎన్నిసార్లడిగినా ఇవ్వను!"

ఈసారి మొదటి ఈల నాదే.