ఏమీ కాలేదుగా

ఆమె భర్త మీద ఫిర్యాదు చెయ్యడం చాలా కష్టం. తాగడు, తిట్టడు, చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళడు. చెప్పకుండా చుట్టాల్ని పిలుస్తాడు, అంతే. ఆ ఉదయం కూడా పళ్ళు తోముకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, తన చెల్లెలు కుటుంబంతో సహా భోజనానికి వస్తోందని చెప్పాడు. నలుగురే కదా అన్నాడు.

ఆమె ముగ్గురి కొలతను ఏడుగురికి పెంచి, స్టవ్ పక్కనే లాప్‌టాప్ తెరిచింది. ఆవేళ ఇంటి నుంచే ఆఫీసు పని. వాళ్ళ కంపెనీ పార్సిళ్ళు చేరవేస్తుంది. బయటి షాపుల ప్రోగ్రాములు వీళ్ళ కంప్యూటర్లని ఏ ప్రశ్న అడగొచ్చు, జవాబులో ఏ నంబరు గడిలో ఏముంటుంది అన్నది ఒక ఫైలులో రాసి అందరికీ విడుదల చేస్తారు. ఒకసారి విడుదలయ్యాక ఆ గడులు కదపకూడదు. మార్పు కావాలంటే కొత్త వెర్షన్ పెట్టి, పాతదాన్నీ నడపాలి. ఆ ఫైలు ఆమె బాధ్యత.

టీమ్ లీడుని అందరూ చిటికె అంటారు, ఏ పనైనా చిటికెలో అయిపోతుందంటాడు కాబట్టి. నిన్న తొమ్మిదో గడిలోని ఇంటి గుర్తుని తీసేసి, అదే నంబరులో పంపిన షాపు పేరు పెట్టాడు. పాత ప్రోగ్రాములకి ఈ సంగతేం తెలుసు? ఆసుపత్రి ఎదురుగా అని ఉండాల్సిన చోట చెప్పుల షాపు పేరు అచ్చేస్తాయి. పార్సిలు పట్టుకున్న మనిషి ఊరంతా ఆ షాపు వెతుక్కుంటాడు. కొత్త వెర్షన్ పెడదామని ఆమె రాస్తే, మీరున్నారుగా, చూసుకుంటారు అని జవాబిచ్చాడు.

చూసుకుంటూనే వచ్చింది. అతను మార్చినప్పుడల్లా మధ్యలో చిన్న ప్రోగ్రాము రాసి, పాతవాళ్ళకి పాత జవాబే అందేలా అతుకు వేసేది. చూశారా, ఏమీ కాలేదుగా అనేవాడు చిటికె. చుట్టాలు వెళ్ళాక భర్త అనేదీ అదే. ఎంతమందొచ్చినా మా కోడలు కంగారు పడదని అత్తగారు యోగ్యతాపత్రం కూడా ఇచ్చేశారు. కిందటి నెల పదోన్నతి అడిగితే డైరెక్టరు ఆమె పనితీరు రికార్డు తిరగేసి, మీ వైపు ఒక్క సమస్యా రాలేదు కదమ్మా, మరి మీరు చేసిందేముంది అన్నాడు.  ఇవాళ్టి అతుకు రాయడానికీ అరగంట చాలు. రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేసింది. కూర కలిపింది, కలిపిందే మళ్ళీ కలిపింది. మూడోసారి కూర్చోలేదు.

మధ్యాహ్నం ముందుగదిలో నవ్వులు. లాప్‌టాప్‌లో విడుదల మీటింగు. పాత ప్రోగ్రాములతో సరిచూసే పరీక్ష ఎర్రగా వెలుగుతోంది. అది పచ్చబడకపోతే ఏదీ బయటికి వెళ్ళదు.

"ఎప్పుడూ పచ్చగానే ఉండేది కదా, ఇవాళ ఏమైంది? ఎవరి తప్పు?" అన్నాడు డైరెక్టరు.

చిటికె గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ చూసుకుంటారు సార్."

అప్పుడే భర్త ఖాళీ గిన్నెతో గుమ్మంలోకొచ్చి, అక్కడే ఆగిపోయాడు.

"తప్పు నాదేనండీ," అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. "ఇన్నాళ్ళూ మీరు విరగ్గొట్టినవన్నీ ఎవరికీ కనపడకుండా అతికించి పెట్టాను. ఇవాళ అతికించలేదు."