పన్నెండు పొరలు

ప్రకాష్ బాబు చొక్కాకు ఇస్త్రీ ముగించి, ఫెబా తన శిష్యురాలు బురద పొరలు పేర్చి తెచ్చిన గాజు తొట్టి మీది చీటీని పెరికివేసింది. "అశ్విని, తొమ్మిదో తరగతి, పుంగనూరు" అని ఉన్నచోట, "ప్రకాష్ బాబు, లెక్చరర్, కుప్పం" అని గుండ్రటి అక్షరాలతో రాసి అంటించింది. అలా చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. మరునాడు మదనపల్లెలో అంగారకుడి గురించి భర్త చేయబోయే ప్రసంగమూ ఆమె రాసిందే; అందులో చూపడానికే ఆ తొట్టి.

మరునాడు సభ హాలు గుమ్మంలో అశ్విని చీటీ చదువుకుంది. "మరి నా పేరో, మేడమ్?"

"సార్ పేరుంటే మర్యాదగా ఉంటాదమ్మా."

నోరు దాటాక గాని ఆ మాట ఎవరిదో ఫెబాకు గుర్తు రాలేదు. ఎనిమిదేళ్ల కిందట, అంగారకుడి మీది బంకమన్ను గురించి తాను రాసిన వ్యాసం భర్త పేరుతో పత్రికలో వచ్చిన రోజున అత్త సువార్తమ్మ అన్న మాట అది. "యాల ఏడుస్తాండావమ్మా? మొగోని పేరుంటే మర్యాదగా ఉంటాది. యాడికి పోతాది, అదీ నీ యింటిపేరే గదా!" ఇంట్లో అందరూ నవ్వారు. ఫెబా వాళ్లకు టీ పెట్టింది. ఆనాడు తనకు జరిగింది అన్యాయమని లోలోపలైనా అనుకోగలిగిన మనిషి, ఈనాడు తన చేత్తో చేసినదాన్ని ఏమనాలో తెలియక వెనక వరుసలో కూర్చుంది.

వేదిక మీద ప్రకాష్ బాబు తొట్టి ఎత్తి చూపాడు. "అంగారకుడి మీద గూడా ఇట్లాంటి పొరలుండాయి, బంకమన్ను ఉండాది. నోవహు నాటి జలప్రళయం మాదిరి ఒక్క వరద వచ్చిపోయుంటాది."

ఫెబా కాగితంలో వరద లేదు. రాయి బంకమన్ను కావాలంటే నీరు దాన్ని యుగాల తరబడి నానబెట్టాలనీ, ఇంత సన్నని పొరలు పరుచుకోవాలంటే నీరు కదలక నిలవాలనీ రాసింది. వరదకైతే కథల్లో పేరుంటుంది. నిలిచిన నీటిని ఎవరు తలుస్తారు?

"వరద కాదు సార్!" అశ్విని లేచింది. "ఒక్కసారే పోస్తే ఇన్ని పొరలు రాలేదు. రోజుకో చెంబు బురదనీళ్లు పోసి, తేరుకునేదాకా కదిలించకుండా పెడ్తాంటి. పన్నెండు దినాలు."

"ఎవురమ్మా నువ్వు? తొట్టి కడిగిన పాపవా?"

సభ గొల్లున నవ్వింది. అశ్విని ఫెబా పేరు ఎత్తలేదు, ఆమె వైపు తిరగనైనా లేదు.

ఫెబా లేచి నిలబడింది. "ఆ తొట్టి ఆ పిల్ల చేసిందండీ."

"కూర్చో ఫెబా. ఇంటికి పోయినాంక మాట్లాడుకుందాం."

"ఈడనే చెప్పాల," అంది ఫెబా. "ఆ పిల్ల పేరు పెరికేసింది మీరు కాదు. నేను."