డబ్బాలో డబ్బా

హుమేరా ఎంటర్ నొక్కింది. పేజీ ఒక్క క్షణం మెరిసి మాయమైంది. మళ్లీ అదే లాగిన్ పెట్టె, దాని మీద అదే ఎర్ర అక్షరాలు: "మీ గడువు ముగిసింది."

ఇది తొమ్మిదోసారి.

ఆర్మూర్‌లోని ఆ గోదాములో దొంకేశ్వర్ మహిళా సంఘం పసుపు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. నూటపన్నెండు మంది ఆడవాళ్ల ఏడాది కష్టం. నెల రోజులు బేరమాడితే కొచ్చి కంపెనీ దిగొచ్చింది. ఇవాళ పొద్దున పదకొండు లోపు వాళ్ల సైట్‌లో 'అంగీకారం' నొక్కాలి, లేదంటే ఆర్డర్ వేరే ఊరికి పోతుంది. నొక్కాల్సింది కూడా ఈ కంప్యూటర్ మీదే. సంఘం డిజిటల్ సంతకం దీని మీద తప్ప దేని మీదా పనిచేయదు.

సంఘం లెక్కల సాఫ్ట్‌వేర్ హుమేరా రాసిందే. బ్రౌజర్ వేరే, సంఘం పుస్తకం వేరే తెరిచే గోల తన వల్ల కాదంది సంఘం అధ్యక్షురాలు ముత్తెమ్మ. అందుకని హుమేరా కంపెనీ వెబ్ పేజీని తెచ్చి తన అప్లికేషన్ లోపలే కూర్చోబెట్టింది. ఎడమ పక్క బస్తాల వివరం, మధ్యలో కొచ్చి పేజీ. మూడు వారాలు చక్కగా నడిచి, సరిగ్గా ఇవాళ మొరాయించింది.

"ఏం బిడ్డా, డబ్బాల డబ్బా పెట్టినవ్. లోపటి డబ్బా తెరుసుకుంట లేదా?"

గుమ్మంలో నడిపయ్య సేటు. ఊళ్లో పేరున్న అడ్తిదారు, పసుపు కొని అమ్మే దళారి. చేతిలోని పసుపు కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూసుకుంటున్నాడు. "ఫికర్ జెయ్యకుండ్రి. పదకొండు దాటితే నేనే కొంట. ధర జర తగ్గుతది, గంతే."

"నీ జర ఎంతుంటదో మాకు ఎరుకే సేటూ," అంది ముత్తెమ్మ. "పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్."

హుమేరా కిటికీ గట్టు మీది ఫోన్ అందుకుంది. కంప్యూటర్‌కు నెట్ వస్తున్నది దాని నుంచే. అదే పేజీని ఫోన్‌లో తెరిచింది. టక్కున తెరుచుకుంది. సైట్ బాగుంది, నెట్ బాగుంది. అంటే తప్పు తన ప్రోగ్రాంలోనే.

గోడ గడియారం పదకొండు కొట్టింది.

"అయిపాయె!" నడిపయ్య బయటికి తిరిగి కేకేశాడు. "లారీ లోపటికి తియ్యిండ్రి!"

ముత్తెమ్మ బస్తా మీద కూలబడింది. "ఆడోళ్లకు ఏం మొఖం జూపియ్యాలె బిడ్డా?"

హుమేరా కంపెనీని బతిమాలుకుందామని మెసేజ్ తెరిచింది. ఫోన్ పైఅంచున అంకెలు కనబడ్డాయి: 10:51. కంప్యూటర్ మూలకు చూసింది: 11:01.

"పెద్దమ్మా, ఆ గోడ గడియారం సరిగ్గనే ఉన్నదా?"

"అది పది నిమిషాలు ముందుంటది. లారీ డ్రైవర్లు ఎన్నడన్న టైముకొస్తరా? దాన్ని జూపెట్టి తిట్టెటందుకు నేనే ముందుకు పెట్టిన."

"మరి కంప్యూటర్?"

"నిన్న గా రంజిత్ డ్రైవర్ కంప్యూటర్ జూపెట్టి, ఇంక టైమున్నది గద అని లొల్లి పెట్టిండు. పొద్దుగాల దాన్ని గూడ గోడదానికి సమానం జేసిన. సెట్టింగులు నువ్వే నేర్పితివి గద!"

హుమేరాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొచ్చి సైట్ లోపలికి రానిచ్చేటప్పుడు ఐదు నిమిషాల పాసు ఇస్తుంది. దాని గడువును హుమేరా ప్రోగ్రాం ఈ కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. ముత్తెమ్మ దిద్దిన గడియారానికి ప్రతి పాసూ చేతికందేలోపే పాతబడిపోతోంది!

"సేటూ, లారీ ఆపు. ఇంకా తొమ్మిది నిమిషాలున్నయ్!"

కంప్యూటర్ గడియారం సరిచేసి లాగిన్ కొట్టింది. ముత్తెమ్మ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. కళ్లజోడు దొరకలేదు. ఫోన్‌ను బారెడు దూరం పెట్టి చదివింది. "నాలుగు... ఏడు... గిది ఒకటా, ఏడా?"

"ఇటియ్యి పెద్దమ్మా!"

10:56. పేజీ మెరిసింది. ఈసారి మాయం కాలేదు. అప్లికేషన్ నడుమ నిండుగా తెరుచుకుని, పచ్చటి 'అంగీకారం' బటన్‌తో నిలబడింది.

"నువ్వే నొక్కు పెద్దమ్మా," అంది హుమేరా.

పసుపంటిన వేలు మౌస్ మీద పడింది. సంతకం అడిగింది, హుమేరా పిన్ కొట్టింది. చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. నడిపయ్య కూడా మెడ సాచి చూస్తున్నాడు.

10:59. 'ఆర్డర్ ఖాయం.'

ముత్తెమ్మ వేసిన కేకకు గోదాము వెనకాల బస్తాలు కుడుతున్న ఆడవాళ్లంతా దబ్బనాలతోనే ఉరికొచ్చారు. ఎవరు ఎవరిని పట్టుకుని గంతులేస్తున్నారో తెలియలేదు. పసుపు చేతులు తగిలి హుమేరా బుగ్గలు రెండూ పచ్చబడ్డాయి.

"ఏమన్నగాని మస్తు జేసినవ్ బిడ్డా," అన్నాడు నడిపయ్య, విరిగిన కొమ్మును జేబులో వేసుకుంటూ. "నా దుకాణంల గూడ పెడ్తవా గిట్లాంటి డబ్బా?"

"పెడ్తది," ముత్తెమ్మే అందుకుంది. "మాకు ఏం ధరొచ్చిందో రోజూ అండ్లనే జూసుకో!"

సేటు లారీ ఖాళీగా వెనక్కి మళ్లింది.

హుమేరా అక్కడే కూర్చుని ప్రోగ్రాం తిరగరాసింది. ఇక నుంచి టైము కంప్యూటర్‌ను కాదు, కొచ్చి సైట్‌నే అడుగుతుంది. కంప్యూటర్ గడియారాన్ని కావాలనే పది నిమిషాలు ముందుకు జరిపి చూసింది. లోపలి పేజీ చెక్కుచెదరలేదు. కంప్యూటర్ టైము మళ్లీ సరిచేసి, లేచి గోడ గడియారాన్నీ దిద్దుదామని చెయ్యి చాచింది.

"గోడది ముట్టకు!" అంది ముత్తెమ్మ.

బయట హారన్ మోగింది. సరుకెత్తడానికి పన్నెండుకు రమ్మన్న రంజిత్ లారీ. గోడ మీద పన్నెండూ పది. ముత్తెమ్మ కొంగు బిగించి, గడియారం వైపు వేలు చూపిస్తూ గుమ్మం దాటింది.

హుమేరా ఫోన్ చూసుకుంది. సరిగ్గా పన్నెండు. రంజిత్ కంటబడకుండా దాన్ని బోర్లా పెట్టింది.