కొప్పు చూసిన సాక్షులు

బుధవారం వచ్చిందంటే బోంగ్నే అవ్వ తన మిరపకాయలు గంపలో వేసుకుని కిందికి దిగేది. కింద అంటే మేంగ్ దోసిక్ అద్దెకున్న గది. సగం నేలలోకి దిగిన గది అది. కిటికీలోంచి దారినపోయేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనపడవు, ఎండ అసలు రాదు. అయినా మిరపకాయలు అక్కడే ఎండేవి. మేంగ్ గీసే బొమ్మల కథ బుధవారం పొద్దున జనం ఫోన్లలోకి వెళ్ళేది. చదివినవాళ్ళు కింద అభిప్రాయాలు రాసేవారు. ఆ రాతలకి గది నేల వేడెక్కేది. చలికాలంలో నేలని వేడిచేసే బాయిలర్ చెడిపోయి మూడేళ్ళయింది. ఇంటి యజమానురాలు అవ్వే అయినా బాగుచేయించలేదు, మేంగ్ అడగనూ లేదు.

కథ పేరు "ఎర్ర గుమ్మం రాకుమారుడు". పాత రాజుల కాలంనాటి ప్రేమ. రాకుమారుడికీ ఒక పండితుడి కూతురికీ మధ్య యాభై ఏడు వారాలుగా చూపులు నడుస్తున్నాయి, అంతకుమించి ఏమీ నడవలేదు. ఇది చెబుతున్న నేను మొదట్నించీ రాకుమారుడి పక్షమే. ఆయన కనుబొమల మీద పేరాలకు పేరాలు రాసి పంపాను. నా రాతలకి ఒక్క మిరపకాయ తొడిమైనా ఆరలేదని తర్వాత తెలిసింది.

నేలని వేడెక్కించింది వేరే జంట. పండితుడి కూతురికి కొప్‌దన్ అని ఒక పనిపిల్ల ఉంది. యజమానురాలి ఉత్తరాలు పట్టుకుని నది దాటుతుంటుంది. దాటించేవాడు మోక్‌సే అనే పడవవాడు. వారానికి రెండు మూడు బొమ్మల్లో కనపడతారంతే. ఆమె ఎక్కుతుంది, అతను తెడ్డు వేస్తాడు, దిగేటప్పుడు ఉడికించిన చిలగడదుంప ఒకటి చేతిలో పెడతాడు. మాటల్లేవు. ఆ దుంప కనపడ్డ వారం నేలమీద వట్టికాళ్ళతో నిలబడటం కష్టమయ్యేది.

ఒక్క తక్ యోన్‌జుకి మాత్రం కాదు. మేంగ్ దగ్గర రంగులు వేసేది ఆమే. ఆరేళ్ళుగా అదే పొట్టి బల్ల ముందు నేలమీద కూర్చుని, వారానికి డెబ్భై బొమ్మలకి రంగులు వేసింది. ఎప్పుడు మొదలైందో తెలీదుగానీ వేడీ చలీ తెలియడం మానేశాయి. డాక్టరు సూదులతో పొడిచి చూసి నరాలు బాగున్నాయన్నాడు. ఆమె సరే అని వచ్చేసింది. ఏడుపూ రాదు, నవ్వూ రాదు. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే కాసేపు వెతుక్కుని, లేదనేది.

ఏడేళ్ళుగా ఆమెతో ఉన్నవాడు బాంగ్ హ్యోన్‌గిల్. ఇంచోన్ రేవులో దీవులకు తిరిగే పడవ మీద ఇంజను పని. మొన్న వసంతంలో అతను పెళ్ళి నమోదు కాగితం తెచ్చాడు. తన వివరాలు రాసి, ముద్ర వేసి, ఆమె ముందు పెట్టాడు. ఆమె తన వంతూ రాసింది. ఇక ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తే చాలు, ఆఫీసులో ఇచ్చేయొచ్చు. "ఎవరిచేతనైనా చేయిస్తాలే" అని ఆమె మేంగ్ గదికి తెచ్చి, తన బల్ల కింద ప్లాస్టిక్ నేలపట్టా అంచు ఎత్తి, దాని అడుగున దాచింది. అంతే, ఇంక తియ్యలేదు.

ఇప్పుడు అక్టోబరు. హ్యోన్‌గిల్ పడవని దక్షిణాన మోక్‌పోకి మార్చారు. సోమవారం ఫోన్ చేసి చెప్పాడు. "శుక్రవారం మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతున్నా. పదకొండింటికి ఆఫీసు మెట్ల మీద ఉంటా. కాగితం పట్టుకొస్తే ఇద్దరం వెళ్దాం. రాకపోతే నేనింక అడగను." ఆమె సరే అంది. దేనికి సరే అందో అతనికి తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

ఆ బుధవారం పొద్దున యాభై ఎనిమిదో భాగం వెళ్ళింది. తొమ్మిదింటికి నేల వెచ్చబడింది. పదింటికి అవ్వ రెండో గంప తెచ్చింది. పదకొండింటికి మేంగ్ తాను కూర్చున్న దిండు కింద ఇంకో దిండు వేసుకుని, అనుమానమొచ్చి ఫోన్ తెరిచాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, మొలలున్నవాడు, నేల సంగతి అందరికన్నా ముందు తెలిసేది అతనికే.

పడవ దిగుతున్న బొమ్మలో కొప్‌దన్‌కి జడ లేదు, కొప్పుంది. కొప్పులో కొయ్యపుల్ల కూడా గుచ్చి ఉంది. ఆ కాలంలో పెళ్ళికాని పిల్ల ఎర్ర రిబ్బనుతో జడ వేసుకుంటుంది. కొప్పు చుట్టిందంటే పెళ్ళయిపోయినట్టే. ఆ దేశంలో బడికెళ్ళే పిల్లలకీ తెలిసిన సంగతిది. మేంగ్ గీసిచ్చింది జడే. రంగులు వేసేటప్పుడు యోన్‌జు చెయ్యి దాన్ని ఎత్తి చుట్టేసింది.

కింద వేలమంది గోల పెడుతున్నారు. ఎప్పుడు చేసుకున్నారు, ఏ వారం, మేం ఏ బొమ్మలో కళ్ళు మూసుకున్నాం అని తగాదా. ఆ పుల్ల తెడ్డు చెక్కే, విరిగిన తెడ్డుతో అతనే చెక్కి ఉంటాడని ఒకరు రుజువు చేశారు. పెళ్ళివిందులో పెట్టే నూడుల్స్ మాకు పెట్టకుండా ఎలా కానిచ్చేశారని ఇంకొకరు అలిగారు. రాకుమారుడి కనుబొమల గురించి ఒక్కడే రాశాడు. వాణ్ణెవరూ పట్టించుకోలేదు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మేంగ్.

యోన్‌జు చూసింది. "కొప్పు" అంది.

"అది నాకూ కనపడుతోంది. ఎందుకు పెట్టావని అడుగుతున్నా."

"తెలీదు మాస్టారూ."

అతని బాధ అతనిది. అరవై మూడో భాగంలో రాకుమారుడి మీదికి వచ్చే బాణానికి మోక్‌సే అడ్డుపడి పోవాలి. ఏడాది కిందటే అనుకున్నది. పెళ్ళికాని పడవవాడు పోతే జనం ఏడుస్తారు, పెళ్ళయినవాణ్ణి చంపితే తన ఇంటికొస్తారు అని వివరించాడు. సాయంత్రంలోగా జడ పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. పది నిమిషాల పని. పాత బొమ్మ పోయి కొత్త బొమ్మ వచ్చింది.

జనం తిట్టినా నేల వేడెక్కేదే. కానీ తిట్టలేదు. ఊరుకున్నారు. గురువారం పొద్దున అవ్వ వచ్చి మిరపకాయ ఒకటి చేత్తో వంచితే విరగలేదు, వంగింది.

"ఏం చేశారురా నేలని?"

మేంగ్ చెప్పాడు. అవ్వకి ఫోన్‌లో చదవడం రాదుగానీ వారం వారం యోన్‌జు చేత చదివించుకునేది, పడవ వచ్చేవరకే. "కట్టిన కొప్పు విప్పించావా? ఎవరి కొప్పయినా విప్పుతారా?" అని, యోన్‌జు వైపు తిరిగింది. "చేసిందానివి నువ్వు గదే. నీకేమీ అనిపించలేదూ?"

"లేదవ్వా."

"శవం నయం, అది చల్లగా ఉన్నట్టన్నా మనకి తెలుస్తుంది" అంటూ కాయలు తిరగేసుకుంది.

మధ్యాహ్నం ఎవరో ఒకామె రాసింది. 'నిన్న నేను ఆ కొప్పు చూశాను. తుడిచేసినంతమాత్రాన పెళ్ళి కాకుండా పోదు. నేను సాక్షిని.' ఇంతే రాసింది. దాని కింద ఇంకెవరో 'నేనూ చూశాను' అన్నారు. బస్సులో చూశానని ఒకరు, ఆసుపత్రి వరండాలో అమ్మ ఆపరేషన్ అయ్యేదాకా చూస్తూనే ఉన్నానని ఒకరు. తర్వాత అంత పొడుగ్గా ఎవరూ రాయలేదు. సాక్షిని, సాక్షిని, సాక్షిని అని ఒకరి కింద ఒకరు చేరారు. నేను కూడా రాశాను. ఏడాది నించీ రాకుమారుడి పక్షాన ఉన్నవాణ్ణి, సిగ్గుపడుతూ రాశాను. నిజానికి ఆ బొమ్మ చూసింది నేనూ కదా.

మూడు గంటలకి మేంగ్ లేచి నిలబడ్డాడు. మూడున్నరకి బల్లెక్కాడు. మిరపకాయలు మాడిన ఘాటుకి అవ్వ తుమ్ముతూ గంపలోకి ఎత్తుకుంటోంది. ప్లాస్టిక్ పట్టా వేడికి అంచులు లేచి, అప్పడంలా చుట్టుకుపోసాగింది. యోన్‌జు మాత్రం తన బల్ల ముందు కూర్చునే ఉంది, రాకుమారుడి అంగీకి నీలం వేస్తూ. ఆమె మోకాలి పక్కనించి పట్టా లేచి, దాని అడుగున ఉన్న కాగితం బయటపడింది.

అవ్వ తీసింది. కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. రెండు పేర్లు, రెండు ముద్రలు, కింద రెండు ఖాళీ గడులు.

"ఎప్పటిదే ఇది?"

"ఏప్రిల్‌ది."

"వాడేడీ?"

"రేపు వెళ్ళిపోతున్నాడు. పదకొండింటికి ఆఫీసు దగ్గర ఉంటానన్నాడు."

అవ్వ కలం కోసం చూసి, బల్ల మీదున్న మేంగ్ జేబులోంచి లాగి, మొదటి గడిలో తన పేరు పెద్ద అక్షరాలతో రాసింది. రెండో గడి చూపించి కాగితం పైకందించింది. మేంగ్ కూడా బల్ల మీదే గొంతుక్కూర్చుని సంతకం చేశాడు. "నూడుల్స్ ఎప్పుడో చెప్పండి ముందు" అని గొణిగాడు.

అవ్వ కాగితం యోన్‌జు ఒళ్ళో పడేసింది. "చేతిలో పెట్టాం. పట్టుకెళ్ళడం నీ ఇష్టం."

యోన్‌జు కాగితం చూసింది. ఎక్కడో ఏదన్నా అనిపిస్తుందేమోనని ఎప్పట్లాగే వెతుక్కుంది. అలా వెతుకుతూ ఉండగా ఆమె ముఖం చిట్లించుకుంది.

"అవ్వా" అంది. "కాళ్ళు కాలుతున్నాయి."

"మరి లేచి నిలబడవే మొద్దు" అంది అవ్వ.

శుక్రవారం పదకొండింటికి పది నిమిషాలు తక్కువగా హ్యోన్‌గిల్ ఆఫీసు మెట్ల మీద సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. వీధి చివర ఆమె కనపడింది. అవ్వ రబ్బరు చెప్పులేసుకుని, పాదాలకి కట్లతో, ఒక్కో అడుగు చూసి వేస్తూ వస్తోంది. చేతిలో కాగితం ఉంది. అతను మెట్లు దిగి ఎదురెళ్ళాడు.

"ఏమైంది కాళ్ళకి?"

"నేల కాలింది."

"నొప్పిగా ఉందా?"

ఆమె ఈసారి వెతుక్కోలేదు.

"చాలా" అని, అతని మోచెయ్యి పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది.