ఫారం మీది నంబరు

శుక్రవారం సాయంత్రం 7 గంటల 52 నిమిషాలకు మూడో వార్డు పదకొండో మంచం మీద దర్జీ గుండె ఆగింది. అరగంట సేపు ఛాతీ ఒత్తారు. తిరిగి కొట్టుకోలేదు. ఆయన వయసు నలభై ఆరు.

ఆయనకు రక్తపరీక్ష రాసిన పీజీ డాక్టరమ్మ ఆ వేళకి ఇంట్లో అమ్మానాన్నల మధ్య చాప మీద మోకరించి ఉంది. ఆమె ఫోన్ బీరువాలో దుప్పట్ల కింద ఉంది.

వాళ్లది శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించే క్రైస్తవ కుటుంబం. శుక్రవారం పొద్దు గూకగానే అది మొదలవుతుంది. ఆ రోజు వైద్యం చేయకూడదని సంఘంలో ఎవరూ అనలేదు. ఫోన్లు ఆపేయడం మాత్రం నాన్న పెట్టిన నియమం. ఆయన సంఘ పెద్ద. నెల మొదట్లోనే క్యాలెండర్ గడుల్లో సూర్యాస్తమయం వేళలు పెన్సిల్‌తో రాసి పెడతాడు. ఆ శుక్రవారం గడిలో 6.14 అని ఉంది.

రెండేళ్లుగా ఆమె శనివారాలకు బదులు అందరి ఆదివారాలూ తనే చేస్తోంది. శుక్రవారం సాయంత్రాలు తోటి పీజీ చూసుకుంటాడు. ఆలస్యంగా చదువులో చేరి, ముప్పై ఆరేళ్లకే బట్టతల తెచ్చుకున్న అతన్ని వార్డంతా పెదనాన్న అంటుంది.

మూత్రపిండాల జబ్బుతో చేరిన దర్జీకి ఆ రోజు మూత్రం తగ్గింది. కాళ్లలో సత్తువ లేదన్నాడు. పొద్దున తీసిన ఈసీజీ బాగానే ఉంది. అయినా ఆమె 5.35కి రక్తం తీసి, పొటాషియం చూడమని ఫారం నింపింది. మూత్రపిండాలు చెడినవాళ్లకు అది పెరిగితే గుండె మీదికి వస్తుంది. ఫారం చివర డాక్టరు ఫోన్ నంబరు రాసే గడి ఉంటుంది. అలవాటు చొప్పున తన నంబరు రాసింది.

తర్వాత పెదనాన్నకు మంచం మంచం చూపించి వార్డు అప్పగించింది. పదకొండు దగ్గర రిజల్టు రావాలని రెండుసార్లు చెప్పింది.

“ప్రమాదమైతే ల్యాబ్ వాళ్లే ఫోన్ చేస్తారుగా,” అన్నాడతను. “చేయకపోతే బాగున్నట్టే. వెళ్లు తల్లీ, సూర్యుడు నీకోసం ఆగడు.”

తలుపు దగ్గర దర్జీ భార్య అడ్డం వచ్చింది. “మీరుంటారుగా డాక్టరమ్మా?”

“మావాళ్లు ఉంటారమ్మా.”

6.09కి ఆమె ఫోన్ ఆపేసింది.

శనివారం పొద్దు గూకాక ఫోన్ ఆన్ చేసింది. 6.41కి, 6.48కి, 7.03కి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చినట్టు మూడు మెసేజీలు ఉన్నాయి. ఆమె పెదనాన్నకు ఫోన్ చేసింది. దర్జీ పోయిన సంగతి అతనే చెప్పాడు. అయిదు దాటకూడని పొటాషియం 7.9 ఉందట. ఆ కాగితం ఎనిమిదింటికి వార్డుకు పంపే ట్రేలో ఉందట. ఫారం కనబడటం లేదు. ల్యాబ్ రిజిస్టర్లో ‘డాక్టరు ఫోన్ స్విచ్ ఆఫ్, మూడుసార్లు’ అని మాత్రమే ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరు అతను కాబట్టి ఆ ఫోన్ అతనిదే అనుకుంటున్నారు. సోమవారం విచారణ. అతని తప్పని తేలితే ఈ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వరు.

ఎవరి నంబరుకు చేశారని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇంట్లో చెప్పింది. నువ్వు దినాన్ని పాటించావు, తప్పు ల్యాబ్ వాళ్లదని నాన్న అన్నాడు. వార్డుకు మనిషిని పంపడానికి వాళ్లకు ఏమడ్డం వచ్చిందని కూడా అన్నాడు. అమ్మ దుప్పట్లు తిరిగి మడత పెడుతోంది.

“ఫోన్ మోగితే వెళ్లేదానివా?” అని అడిగింది.

“పరుగెత్తేదాన్ని.”

“అయితే ఆ మాట అక్కడ చెప్పు.”

సోమవారం పదకొండింటికి సూపరింటెండెంట్ గదిలో, పెదనాన్నను ఇంకా ఏమీ అడగకముందే ఆమె తన ఫోన్ బల్ల మీద పెట్టింది. సూపరింటెండెంట్ మూడు వేళలూ రాసుకున్నాడు. ఫోన్ ఎందుకు ఆపావన్నాడు. ప్రార్థన అంది. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాశాడు. అది కొట్టేసి ప్రార్థన అనే రాయమని ఆమె అడిగింది. కొట్టేసి రాశాడు. ఆమె సంతకం చేసింది. దర్జీ భార్యకు తాను చెబుతానంటే, ఆ పని నాది, నువ్వు ఆమెతో మాట్లాడకు అన్నాడు.

వరండాలో పెదనాన్న జేబులోంచి తన ఫోన్ తీసి చూశాడు. తర్వాత అన్నాడు: “ఫోన్ నేనే ఆపేసుకున్నానేమోనని రెండు రోజులుగా చూసుకుంటున్నానమ్మా.”

అతన్ని పరీక్షకు అనుమతించారు. ఆమె శిక్షణ ఆరు నెలలు పొడిగించారు. కొత్త ఫారాల మీద వార్డు ఫోన్ నంబరు అచ్చయి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం 12.20కి దర్జీ భార్య కౌంటర్లో వేలిముద్ర వేసి మరణ ధ్రువపత్రం తీసుకుంది. కారణం గడిలో మూత్రపిండాల వ్యాధి అని ఉంది. సూపరింటెండెంట్ గది కౌంటరు పక్కనే. ఆమెను లోపలికి ఎవరూ పిలవలేదు.